రెండు డేటాబేసులు, ఒకే కిటికీ

భీమవరంలో రొయ్యల మేత కొట్టు లెక్కలు చూస్తుంటాను. బిల్లులు మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో, చెరువుల వారీ మేత వివరాలు ఎస్‌క్యూలైట్ అనే ఇంకో డేటాబేస్‌లో ఉంటాయి. ఒక్క బాకీ తేల్చాలన్నా రెండు సాఫ్ట్‌వేర్లు తెరవాలి. ఈలోగా పాపం రైతు కౌంటర్ దగ్గర నిలబడే ఉంటాడు.

వీఎస్ కోడ్ అనే కోడ్ ఎడిటర్‌లో ఎస్‌క్యూఎల్‌టూల్స్ అనే ఎక్స్‌టెన్షన్ వేసుకుంటే రెండూ ఒకేచోట చూడొచ్చు. అదొక్కటే చాలదు, ఏ డేటాబేస్‌కి ఆ డ్రైవర్ (దానితో కలిపే చిన్న ప్రోగ్రాం) విడిగా వేసుకోవాలి. తర్వాత కనెక్షన్ పెట్టండి: మైఎస్‌క్యూఎల్‌కి పోర్టు మామూలుగా 3306, ఎస్‌క్యూలైట్‌కి ఫైలు ఎక్కడుందో చూపిస్తే సరి. క్వెరీ (డేటా అడిగే ఆదేశం) రాసి, దాన్ని సెలెక్ట్ చేసి కంట్రోల్-ఇ రెండుసార్లు నొక్కగానే ఫలితం పక్కనే పట్టికలా వచ్చేస్తుంది.

ఒక్కటి చూసుకోండి. కంప్యూటర్‌లో నోడ్ జేఎస్ (జావాస్క్రిప్ట్ కోడ్ నడిపే ప్రోగ్రాం) లేకపోతే ఎస్‌క్యూలైట్ కనెక్ట్ అవదు. నాకు ఒక పూట అక్కడే పోయింది.