సిరిమాను వీడియో పాత టీవీలో ఆడింది: నా అనుభవం

విజయనగరం సిరిమానోత్సవాన్ని ఫోన్లో సెకనుకు 60 ఫ్రేములతో (విడి బొమ్మలతో) తీశాను. మోకాళ్ల నొప్పులతో పండక్కి రాలేకపోయిన మా అత్తయ్యకి బొబ్బిలిలో పెన్‌డ్రైవ్ పెట్టి చూపిస్తే, ఆవిడ పాత టీవీలో బొమ్మ ఆగి ఆగి వచ్చింది. డప్పుల మోత మాత్రం ముందుకెళ్లిపోయింది. చాలా బాధనిపించింది.

ల్యాప్‌టాప్‌లో హ్యాండ్‌బ్రేక్ అనే వీడియోలు మార్చే సాఫ్ట్‌వేర్‌తో సరిచేశాను. ఇది ఉచితం. వీడియో ట్యాబ్‌లో ఫ్రేమ్‌రేట్ (సెకనుకు ఎన్ని ఫ్రేములు) మామూలుగా అసలు వీడియోలో ఉన్నట్టే ఉంటుంది, దాన్ని 30 చేయాలి. 25 పెట్టొద్దు. 60 నుంచి 30కి వస్తే ఫ్రేములు ఒకటి విడిచి ఒకటి సమంగా పోతాయి. 25 అయితే తీసేసేవి సమంగా కుదరవు, సిరిమాను అనే ఆ పొడవాటి మాను కోట వైపు కదులుతుంటే కుదుపులు కనిపిస్తాయి.

దాని కిందే కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్ (మొదటి నుంచి చివరిదాకా ఒకే రేటు) ఎంచుకోండి. నా దృష్టిలో అసలు మందు ఇదే. ఫోన్లు చాలావరకు ఫ్రేమ్‌రేట్‌ని హెచ్చుతగ్గులుగా రికార్డు చేస్తాయి. పాత ప్లేయర్లలో ఆడియో బొమ్మతో కలవకుండా పోయేది అందుకే. ఎన్‌కోడర్‌గా (వీడియోని కుదించే పద్ధతిగా) హెచ్.264 పెట్టాను, పాత టీవీలకు అదే నయం.

ఫ్రేములు సగమైతే ఫైలు సైజు కూడా సగమవుతుందనుకోకండి. తగ్గుతుంది గానీ అంత కాదు. వదిలేసిన ఫ్రేములు మళ్లీ రావు కాబట్టి అసలు వీడియోని జాగ్రత్తగా దాచాను.