8 దగ్గర కాలు దిగిపోతోందా? బైక్ లైసెన్స్ టెస్టులో సమస్యలు - పరిష్కారాలు

లైసెన్స్ టెస్టులో తప్పేవాళ్లలో చాలామందికి బండి నడపడం బాగానే వచ్చు. కాలేజీకో పొలానికో రోజూ వెళ్లొస్తూనే ఉంటారు. ట్రాక్ మీదికి రాగానే 8 దగ్గర, అంటే 8 అంకె ఆకారంలో తిరగాల్సిన చోట, కాలు కింద పెట్టేస్తారు. బ్యాలెన్స్ లేదనుకుని బాధపడతారు గానీ, తప్పు ఎక్కువగా చూపులో ఉంటుంది, లేదంటే కుడి చేతిలో ఉంటుంది. 40 కిలోమీటర్ల వేగంలో బండి దాదాపు తనంతట తానే నిలబడుతుంది. మనిషి నడిచే వేగంలో దాన్ని నిలబెట్టాల్సింది మీరే. ఎక్స్‌లేటర్ తిప్పడం, వదలడం, ముందు బ్రేక్ పట్టడం... రోడ్డు మీద అలవాటైన ఈ పద్ధతి అక్కడ పనిచేయదు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఆర్టీఏ టెస్టుకు వెళ్లేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ట్రాక్ కొలతలు ఊరికో రకంగా ఉంటాయి. కొన్నిచోట్ల కెమెరాలు, సెన్సర్లు తప్పుల్ని పట్టేస్తాయి, మరికొన్నిచోట్ల బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారే నిలబడి చూస్తారు. టెస్టుకు ఒకట్రెండు రోజుల ముందు వెళ్లి, వేరేవాళ్లు ఎలా చేస్తున్నారో బయట నిలబడి కాసేపు చూసి రండి. సగం టెన్షన్ అక్కడే పోతుంది.

సమస్య: 8 తిరుగుతుంటే సగంలో కాలు కింద పడుతోంది

ముందు మీ చూపు ఎక్కడుందో ఎవరినైనా గమనించమనండి. పది మందిలో ఎక్కువమంది ముందు చక్రాన్నో, దాని పక్కన ఉన్న గీతనో చూస్తుంటారు. గీతను చూస్తే బండి గీత మీదికే పోతుంది. అప్పుడు కంగారుపడి హ్యాండిల్‌ను ఒక్కసారిగా తిప్పుతారు, బండి వాలుతుంది, కాలు దిగుతుంది.

చేయాల్సింది ఇది. కుడి గుండ్రంలో ఉన్నప్పుడు తల కుడి భుజం మీదుగా తిప్పి, గుండ్రంలో మీకు అవతలి వైపు రాబోయే చోటును చూడండి. తల మొత్తం తిరగాలి, కళ్లు ఒక్కటే తిరిగితే చాలదు. మొదట్లో మెడ పట్టేసినట్టు వింతగా ఉంటుంది. 8 మధ్యలో రెండు గుండ్రాలు కలిసే చోటికి రాకముందే చూపు రెండో గుండ్రం మీదికి వెళ్లిపోవాలి. చాలామంది అక్కడికి చేరాక చూస్తారు. అప్పటికి ఆలస్యమైపోతుంది. రెండో గుండ్రం మొదట్లో కాలు దిగడానికి అసలు కారణం ఇదే.

రెండో కారణం ఒళ్లు బిగబట్టడం. మోచేతులు కర్రల్లా బిగుసుకుంటే హ్యాండిల్ స్వేచ్ఛగా తిరగదు. మోకాళ్లతో ట్యాంకును గట్టిగా పట్టుకుని, భుజాలు, మోచేతులు వదులుగా ఉంచండి. పట్టు నడుము కింద, వదులు నడుము పైన. మెల్లగా తిరిగేటప్పుడు బండితోపాటు మీరూ లోపలికి వాలకండి. బండిని కొద్దిగా వాలనిచ్చి మీరు నిటారుగా కూర్చోండి. స్పీడులో మలుపు తిరిగేటప్పుడు చేసే పనికి ఇది తిరగేసినట్టు ఉంటుంది, అందుకే అలవాటు కావడానికి కొంచెం టైం పడుతుంది.

సమస్య: ఎడమకు బాగా తిరుగుతుంది, కుడికి తిరగదు

ఇది గేర్ బండి మీద బాగా కనిపిస్తుంది. కుడికి హ్యాండిల్ పూర్తిగా తిప్పినప్పుడు కుడి చెయ్యి పొట్ట దగ్గరికి వస్తుంది, మణికట్టు మడత పడుతుంది. మీకు తెలియకుండానే ఎక్స్‌లేటర్ కాస్త తిరుగుతుంది లేదా వదులవుతుంది. బండి ఒక్క కుదుపు కుదుపుతుంది, అంతే. మనకు కుడి వైపు బ్యాలెన్స్ లేదని తీర్మానించేసుకుంటాం.

నివారణ తేలికే. 8 లో ఎక్స్‌లేటర్‌తో ఆడకండి. మామూలు 100, 125 సీసీ బండ్లు చదునైన నేల మీద మొదటి గేర్‌లో, ఎక్స్‌లేటర్ ముట్టుకోకపోయినా మెల్లగా పాకుతూ వెళ్తాయి. వేగాన్ని హాఫ్ క్లచ్‌తోను (అంటే క్లచ్ సగం నొక్కి ఉంచి), వెనక బ్రేక్‌తోను సర్దుకోండి. బండి మరీ ముందుకు ఉరుకుతుంటే క్లచ్ ఒక వేలెడు లోపలికి, పడిపోయేలా ఉంటే కొంచెం బయటికి. కుడి చెయ్యి పట్టుకోవడానికే, తిప్పడానికి కాదు. ఇంజన్ బలం చాలని బండి అయితే 8 లోకి దిగే ముందే ఎక్స్‌లేటర్‌ను కాస్త ఇచ్చి అక్కడే స్థిరంగా ఉంచి, మిగతా పని అంతా క్లచ్‌కు వదిలేయండి.

ఇక ముందు బ్రేక్. హ్యాండిల్ పక్కకు తిరిగి ఉన్నప్పుడు, మెల్లగా వెళ్తున్నప్పుడు ముందు బ్రేక్ పట్టారంటే బండి అక్కడికక్కడే పడిపోతుంది. కుడి చేతి వేళ్లు నాలుగూ గ్రిప్ చుట్టూనే ఉంచండి, లివర్ మీద ఒక్క వేలూ వద్దు.

కాంబీ బ్రేక్ (సీబీఎస్, అంటే ఒక బ్రేక్ నొక్కితే రెండోదీ కొంత పడే ఏర్పాటు) ఉన్నవాళ్లకు ఒక మాట. 2019 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లలో 125 సీసీ దాకా సీబీఎస్ గానీ, ఏబీఎస్ (బ్రేక్ వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) గానీ ఉండాలనే నిబంధన వచ్చింది. సీబీఎస్ ఉన్న గేర్ బండిలో వెనక బ్రేక్ పెడల్ నొక్కితే ముందు బ్రేక్ కూడా కొంత పడుతుంది. అందుకని పెడల్‌ను తొక్కకండి, బూటు బరువు మాత్రం ఆనించండి. పాత బండి మీద నేర్చుకుని టెస్టుకు కొత్త బండి తెచ్చుకున్నవాళ్లు ఈ తేడా దగ్గరే దెబ్బతింటారు.

సమస్య: బండి మాటిమాటికీ ఆఫ్ అయిపోతోంది

కారణాలు నాలుగైదు ఉండొచ్చు, తేలికైనదాని నుంచి మొదలుపెడదాం.

గేర్ వేయగానే ఆగిపోతోందా? సైడ్ స్టాండ్ చూడండి. ఇప్పటి చాలా బండ్లలో స్టాండ్ దిగి ఉంటే గేర్ పడగానే ఇంజన్ ఆగిపోతుంది. నవ్వొస్తుంది గానీ, ట్రాక్ మీద టెన్షన్‌లో ఇది మర్చిపోయేవాళ్లు తక్కువేం కాదు.

క్లచ్ వదిలేటప్పుడు ఆగిపోతోందా? క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో మీ చేతికి తెలియదన్నమాట. ఖాళీ స్థలంలో మొదటి గేర్ వేసి, ఎక్స్‌లేటర్ లేకుండా, క్లచ్‌ను మిల్లీమీటరు మిల్లీమీటరుగా వదలండి. ఇంజన్ శబ్దం కాస్త బరువెక్కే చోటు ఒకటి వస్తుంది. అక్కడే ఆపండి. బండి రెండడుగులు కదిలాక మళ్లీ లోపలికి నొక్కండి. ఇదే పని పదే పదే చేస్తే ఆ చోటు వేళ్లకు గుర్తుండిపోతుంది. 8 వేయడం నేర్చుకునేముందు నేర్చుకోవాల్సింది ఇది. డ్రైవింగ్ స్కూళ్లలో చాలాచోట్ల దీనికి పావుగంట కూడా కేటాయించరు, అదే నాకు అర్థం కాదు.

క్లచ్ చేతికి బాగానే తెలుసు, అయినా ఆగిపోతుందంటే తప్పు బండిది కావచ్చు. లివర్ కొస దగ్గర వదులు చాలా బండ్లకు 10 నుంచి 20 మిల్లీమీటర్లు ఉండాలి. కేబుల్ మరీ వదులైతే లివర్ పూర్తిగా నొక్కినా క్లచ్ విడిపోదు, గేర్‌లో ఉన్న బండి ముందుకు లాగుతుంది. మెకానిక్‌కు చూపించి కేబుల్ సర్దించుకోండి, అలాగే ‘స్లో’ (ఎక్స్‌లేటర్ ఇవ్వనప్పుడు ఇంజన్ తిరిగే వేగం) కొంచెం పెంచమనండి. చోక్ ఉన్న పాత బండి అయితే ఉదయం స్లాట్‌కు వెళ్లగానే ట్రాక్ ఎక్కకండి, రెండు మూడు నిమిషాలు ఇంజన్ వేడెక్కనివ్వండి.

మొదటి గేర్‌లో బండి టకటకా కుదుపుతుంటే గొలుసు వదులైందేమో చూడండి. కమ్యూటర్ బండ్లకు మామూలుగా 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఆడితే సరిపోతుంది, మీ బండికి ఎంతో మాన్యువల్లో ఉంటుంది. ఈ కుదుపు తప్పించుకోవడానికి రెండో గేర్‌లో 8 వేయమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. గుండ్రం పెద్దదైతే నడుస్తుంది. చిన్నదైతే బండి చేతిలో ఉండదు. గొలుసు బిగించుకోవడమే మేలు.

టైర్లలో గాలి తక్కువున్నా హ్యాండిల్ బరువుగా తిరుగుతుంది. ఎంత గాలి పెట్టాలో బండి మీద స్టిక్కర్ ఉంటుంది, అంతే పెట్టించండి.

సమస్య: గేర్ తప్పు పడుతోంది

బండి మీది కాకపోతే ఇది తప్పదు. స్ప్లెండర్‌లో గేర్లన్నీ ముందుకు, అంటే కిందికి నొక్కితే పడతాయి. ఇప్పటి పల్సర్‌లో ఒకటి కిందికి, మిగతావి పైకి. స్నేహితుడి బండి టెస్టు రోజు ఉదయం తెచ్చుకుంటే కాలికి ఏది అలవాటైతే అదే చేస్తుంది. కనీసం వారం ముందు నుంచైనా ఏ బండి మీద టెస్టు ఇస్తారో దాని మీదే తిరగండి.

స్కూటీ మీద వెళ్లేవాళ్లకు

క్లచ్ గొడవ లేదు కాబట్టి తేలిక అనుకుంటారు. నిజానికి మెల్లగా తిప్పడం స్కూటర్ మీద కొంచెం కష్టమే. ఎక్స్‌లేటర్ తిప్పగానే బండి కదలదు, కొంత తిప్పాక ఒక్కసారిగా లాగుతుంది. వదిలేస్తే లాగడం పూర్తిగా ఆగిపోతుంది. ఈ రెండింటి మధ్య ఊగుతుంటే 8 రాదు. ఎక్స్‌లేటర్‌ను బండి లాగే దగ్గర సన్నగా, ఒకేలా ఉంచి, ఎడమ చేతి బ్రేక్‌తో వేగాన్ని పట్టి ఉంచండి. రెండూ ఒకేసారి పట్టడం తప్పనిపిస్తుంది గానీ, ఆ వేగంలో కాసేపు చేస్తే బండికి ఏమీ కాదు. చున్నీ వేసుకునేవాళ్లు వెనక ముడి వేసుకుని కూర్చోండి.

ఇంకొకటి. గేర్ లేని బండి మీద టెస్టు ఇస్తే వచ్చే లైసెన్స్ గేర్ లేని బండ్లకే. రేపు బైక్ నడపాలనుకుంటే అప్లికేషన్‌లోనే గేర్ ఉన్న మోటార్ సైకిల్ ఎంచుకుని, ఆ బండి మీదే టెస్టు ఇవ్వండి.

సమస్య: ఎత్తు మీద ఆపి ఎక్కించమంటే బండి వెనక్కి జారుతోంది

అన్ని ట్రాక్‌లలో ఇది ఉండదు, ఉన్నచోట మాత్రం చాలామంది చేసే తప్పు ఒకటే: రెండు కాళ్లూ కింద పెట్టడం. కుడి కాలు కింద ఉంటే వెనక బ్రేక్ ఎవరు తొక్కుతారు? ఎడమ కాలు నేల మీద, కుడి కాలు బ్రేక్ మీద. మొదటి గేర్ వేసి, ఎక్స్‌లేటర్ కొంచెం ఇచ్చి, క్లచ్ పట్టుకునే దాకా వదలండి. శబ్దం బరువెక్కగానే బ్రేక్ వదిలేయండి. పొట్టిగా ఉన్నవాళ్లు కూడా కంగారు పడనక్కర్లేదు, ఒక్క కాలు మునివేళ్ల దాకా అందితే చాలు, బండిని కొద్దిగా ఎడమకు వాల్చుకోవచ్చు.

8 ప్రాక్టీసు ఎక్కడ, ఎలా

సాయంత్రం ఖాళీగా ఉండే స్కూల్ గ్రౌండ్ దొరికితే, అనుమతి అడిగి అక్కడే చేయండి. ఇటుకలు, రాళ్లు పెట్టకండి, పడితే దెబ్బ తగులుతుంది. ముగ్గుపిండితో గీసుకుంటే చక్కగా కనిపిస్తుంది. మొదట ఏడెనిమిది మీటర్ల అడ్డకొలతతో రెండు గుండ్రాలు గీసి, కాలు దిగకుండా వరసగా తిరగడం వచ్చాక గుండ్రాన్ని కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రండి. ట్రాక్‌లో ఉండే గుండ్రం కన్నా చిన్నదాని మీద తిరగగలిగితే అసలు టెస్టులో చోటు విశాలంగా కనిపిస్తుంది. అలసిపోయాక ఆపేయండి, చేతులు నొప్పెట్టాక చేసే ప్రాక్టీసు తప్పుల్నే అలవాటు చేస్తుంది.

రోడ్డు మీద నేర్చుకుంటుంటే ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్స్) జేబులో ఉండాలి, ముందూ వెనకా ఎల్ బోర్డు ఉండాలి. తెల్లటి నేపథ్యం మీద ఎర్రటి అక్షరం, పలక 18 సెంటీమీటర్ల చదరానికి తగ్గకూడదు. లైసెన్స్ ఉన్నవాళ్లు నేర్పడానికి వెనక కూర్చోవచ్చు గానీ, స్నేహితుణ్ణి సరదాగా ఎక్కించుకోవడం కుదరదు.

సమస్య: బండి బాగానే నడిపాను, అయినా తిప్పి పంపారు

దీనికి నడపడంతో సంబంధం ఉండదు. అద్దాలు పీకేసిన బండి, వెలగని ఇండికేటర్, క్లిప్ పెట్టని హెల్మెట్, గడువు దాటిన ఇన్సూరెన్సో పొల్యూషన్ సర్టిఫికెటో. ముందు రోజు రాత్రే ఒరిజినల్ ఎల్‌ఎల్‌ఆర్, ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్, స్లాట్ కాగితం ఒక కవర్లో పెట్టుకోండి. బండి ఇండికేటర్లు, హారన్, బ్రేక్ లైట్ పనిచేస్తున్నాయో లేదో చూసుకోండి. హెల్మెట్ ఐఎస్‌ఐ గుర్తు ఉన్నది కావాలి. చెప్పులకు బదులు బూట్లు వేసుకుంటే బ్రేక్, గేర్ రెండూ కాలికి తెలుస్తాయి.

ట్రాక్ మీద కదిలేముందు అద్దంలో చూడడం, పక్కకు వచ్చేటప్పుడు ఇండికేటర్ వేయడం, తిరిగాక దాన్ని ఆపడం మర్చిపోకండి. చేతి సైగలు కూడా అడగొచ్చు. ఆపమంటే రెండు బ్రేకులూ కలిపి, హ్యాండిల్ తిన్నగా పెట్టి ఆపండి. ఇక్కడ ముందు బ్రేక్ వాడొచ్చు, వాడాలి కూడా.

ఏజెంటు చూసుకుంటాడులే అనే ధైర్యంతో ప్రాక్టీసు మానేసేవాళ్లున్నారు. సెన్సర్లున్న ట్రాక్ దగ్గర ఆ ధైర్యం పనికిరాదు. పనికొచ్చే చోట కూడా, రేపు రోడ్డు మీద బస్సు పక్కన మెల్లగా తిరగాల్సింది మీరే కదా.

ఫెయిల్ అయితే

ఏడు రోజుల తర్వాత మళ్లీ టెస్టుకు వెళ్లొచ్చు. వరసగా మూడుసార్లు తప్పితే మాత్రం చివరి టెస్టు నుంచి 60 రోజులు ఆగాలి. ఎల్‌ఎల్‌ఆర్ వచ్చిన 30 రోజుల దాకా టెస్టు ఇవ్వడానికి వీల్లేదు, దాని చెల్లుబాటేమో 6 నెలలే. ఈ లెక్క చూసుకోకుండా ఐదో నెల చివర్లో మొదటి స్లాట్ పెట్టుకుంటే, ఒకట్రెండుసార్లు తప్పేసరికి ఎల్‌ఎల్‌ఆర్ గడువు కూడా అయిపోయి అంతా మొదటికొస్తుంది. రెండో నెలలోనే స్లాట్ తీసుకోండి. తప్పితే ఎక్కడ తప్పారో ఇన్‌స్పెక్టర్ గారిని అక్కడే మర్యాదగా అడగండి, చాలామంది చెబుతారు. ఆ వారం రోజులూ ఆ ఒక్క పని మీదే కూర్చోండి.