కారు వెనకబడితే తప్పు ఇంజన్‌దేనా? ముందు ట్రాలీ విప్పి చూడండి

నల్లగొండలో ట్రాక్టర్ ఇంజన్లు విప్పి బిగించడం నా పని. ఆదివారం వస్తే రేసు చూడకుండా ఉండలేను. రెండు చోట్లా ఒకటే మాట వింటున్నాను: "ఇంజన్ గుంజుతలేదు." షెడ్డుకొచ్చే రైతూ అదే అంటాడు, ఫార్ములా వన్ చూసే పిల్లలూ అదే అంటారు. చూడాల్సిన మొదటి విషయం చూడకుండానే ఇంజన్ చేసినవాడి మీద పడిపోతారు.

ఒకప్పుడు ఫార్ములా వన్ టీములకు ఇంజన్లు చేసి అమ్మిన కాస్వర్త్ లాంటి కంపెనీల మీద ఈ నింద ఇంకా తేలిగ్గా పడుతుంది. ఫెరారీ ఇంజన్ ఎలా ఉందో చూడాలంటే ఫెరారీ కారే ఉంది. కాస్వర్త్‌కు సొంత టీమ్ లేదప్పుడు. కొనుక్కున్నవాళ్ల కారు ఎలా పరుగెత్తితే దాని పేరు అలా ఉండేది. అందుకే ఇలాంటి కంపెనీ పనితనం తేల్చేటప్పుడు కొంచెం ఓపిక పట్టాలి. క్వాలిఫయింగ్, టైర్లు, పిట్ స్టాపుల సంగతి మీకు తెలుసనుకునే రాస్తున్నాను.

సమస్య: ఆ ఇంజన్ ఉన్న టీమ్ పాయింట్ల పట్టికలో అట్టడుగున ఉంది

మొదట చూడాల్సింది ఒక్కటే. అదే ఇంజన్ ఇంకా ఎవరి దగ్గర ఉంది? వాళ్ల పరిస్థితేంటి? దీనికి రెండు నిమిషాలు చాలు. అయినా ఎవరూ చూడరు.

2010లో కాస్వర్త్ నాలుగు టీములకు ఇంజన్లిచ్చింది: విలియమ్స్, లోటస్, వర్జిన్, హెచ్‌ఆర్‌టీ. చివరి మూడూ ఆ ఏడే కొత్తగా దిగిన టీములు. ఏడాదంతా పరుగెత్తినా మూడింటికీ సున్నా. "కాస్వర్త్ పనైపోయింది" అన్నారు. అదే ఇంజన్‌తో విలియమ్స్ 69 పాయింట్లు తెచ్చుకుంది, బ్రెజిల్‌లో దాని డ్రైవర్ హల్కెన్‌బర్గ్ పోల్ (రేసు మొదలయ్యేటప్పుడు అందరికంటే ముందు స్థానం) కొట్టాడు. 2011లో ఆ లోటస్ టీమ్ రెనో ఇంజన్‌కు మారింది. ఆ ఏడు రెడ్‌బుల్ చాంపియన్ అయింది రెనో ఇంజన్‌తోనే. లోటస్‌కు మాత్రం మళ్లీ సున్నా. ఇంజన్ మారింది, ఫలితం మారలేదు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

ఇంకా వెనక్కి వెళ్తే, 1973లో జరిగిన 15 రేసులనూ కాస్వర్త్ డీఎఫ్‌వీ ఇంజన్ ఉన్న కార్లే గెలిచాయి. వెనక వరసల్లో ఈడ్చుకుంటూ వచ్చిన కార్లలోనూ చాలావాటికి అదే ఇంజన్.

మన దగ్గరే చూశాం. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ, అంటే కరెంటు కార్ల రేసు జరిగింది. నేను స్టాండులో కూర్చుని చూశాను. ఆ సీజన్‌లో జాగ్వార్ తన మోటార్‌నే ఎన్విజన్ టీమ్‌కూ ఇచ్చింది. ఆ రోజు జాగ్వార్ కార్లు రెండూ మలుపు దగ్గర ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. ఎన్విజన్‌లో క్యాసిడీ రెండో స్థానంలో వచ్చాడు. సీజన్ చివర టీముల టైటిల్ కూడా కొనుక్కున్న ఎన్విజన్‌కే దక్కింది, తయారుచేసిన జాగ్వార్‌కు కాదు. పట్టిక చూసి మోటార్ సంగతి చెప్పేవాళ్లు ఈ రేసును ఎలా లెక్కేస్తారు?

పరిష్కారం: ఒకే ఇంజన్ వాడేవాళ్లలో అందరికంటే ముందున్న కారును పట్టుకోండి. ఇంజన్ కనీసం అక్కడిదాకా తీసుకెళ్లగలదు. దాని వెనక ఉన్న కార్ల లోటు ముందు ఆ టీముల లెక్కలో రాయండి.

సమస్య: మలుపుల్లో బాగానే ఉంది, స్ట్రెయిట్‌లో వెనకబడుతోంది

నేను దెబ్బతిన్నది ఇక్కడే. షెడ్డులోనూ, టీవీ ముందూ కూడా. అందుకని దీన్ని కాస్త వివరంగా చెప్తాను.

ఒక వడ్ల సీజన్‌లో మిర్యాలగూడ మిల్లులకు వడ్లు తోలే ట్రాక్టర్‌కు బోరు చేయించి, కొత్త పిస్టన్లు, రింగులు వేసి ఇచ్చాను. నాలుగో రోజు ఓనర్ తిరిగొచ్చాడు. "గుంజుతలేదు మేస్త్రీ. ఎత్తు మీద ప్రతిసారీ గేరు దించాల్సి వస్తుంది, పొగ కూడా వస్తుంది. ఇన్ని పైసలు పెట్టి ఏం ఫాయిదా?" నాకు టెన్షన్ పట్టుకుంది. రెండు రోజులు డీజిల్ ఫిల్టర్లు మార్చాను, నాజిళ్లు టెస్టింగ్‌కు పంపాను, టైమింగ్ చూశాను, చివరికి హెడ్ కూడా విప్పాను. ఏమీ దొరకలేదు. మూడో రోజు లోడుతో ఒక రౌండ్ వేసి వచ్చాం. దిగుతూ ట్రాలీ కుడి చక్రం హబ్ మీద చెయ్యి ఆనించానో లేదో చురుక్కుమంది. గ్రీజు నల్లగా కారి రిమ్ము మీద గీతలు గీతలుగా ఎండిపోయి ఉంది. జాకీ పెట్టి లేపి చక్రాన్ని చేత్తో తిప్పితే గరగరమని సగం చుట్టు కూడా తిరగలేదు. బేరింగు పట్టేసింది. బేరింగు మార్చాక అదే ఇంజన్ అదే ఎత్తును అదే లోడుతో గేరు మార్చకుండా ఎక్కింది. మొదటి రోజే ట్రాలీ విప్పి ఒట్టి ట్రాక్టర్ తోలి చూసుంటే పది నిమిషాల్లో తేలిపోయేది.

రేసు కారుకు ట్రాలీ దాని రెక్కలే. మలుపులో కారును నేలకు అదిమి పట్టేవి అవే, స్ట్రెయిట్‌లో గాలికి అడ్డుపడేవీ అవే. గాలిని చీల్చుకుపోవడానికి కావాల్సిన పవర్ వేగం ఘనం లెక్కన పెరుగుతుంది. 330 కిలోమీటర్లు అందుకోవాల్సిన కారు 320 దగ్గర ఆగిపోయిందనుకోండి. ఆ లోటంతా ఇంజన్‌దే అయితే దాని పవర్ దాదాపు 9 శాతం తక్కువ ఉండాలి. 750 హార్స్‌పవర్ ఇంజన్‌లో అది 65కు పైనే. 2010లో అందరివీ 2.4 లీటర్ల వి8 ఇంజన్లు, ఎవరూ 18,000 ఆర్‌పీఎం దాటకూడదు. అలాంటి కట్టడిలో ఒక్క కంపెనీ అంత వెనకబడిందంటే నేను నమ్మను. అదే 10 కిలోమీటర్లు రెక్కలు ఎక్కువ నిటారుగా పెట్టినా పోతాయి. స్పీడ్ ట్రాప్ (ట్రాక్ మీద కార్ల వేగం కొలిచే చోటు) అంకె ఈ రెండింట్లో ఏది జరిగిందో చెప్పదు, కారు ఎంత వేగంగా పోయిందో మాత్రమే చెబుతుంది.

2017లో నేనూ స్పీడ్ ట్రాప్ చూసే హోండాను తిట్టాను. మెక్‌లారెన్ కారు అద్భుతం, హోండా ఇంజనే ముంచుతోందని నమ్మాను. ఆ ఇంజన్‌లో లోపాలు నిజంగానే ఉన్నాయి, కారు మాటిమాటికీ ఆగిపోయేది. కానీ 2018లో మెక్‌లారెన్ రెనో ఇంజన్ పెట్టుకుంది. అదే రెనోతో రెడ్‌బుల్ ఆ ఏడు 4 రేసులు గెలిచింది. మెక్‌లారెన్‌కు వచ్చినవి 62 పాయింట్లు, ఒక్క గెలుపూ లేదు. లోపం కారులో కూడా ఉందని టీమే ఒప్పుకోవాల్సి వచ్చింది. అటు హోండా 2019లో రెడ్‌బుల్‌కు వెళ్లి ఆస్ట్రియాలో డ్రైవర్ వెర్‌స్టాపెన్‌ను గెలిపించింది, 2021లో అతన్ని చాంపియన్ చేసింది.

పరిష్కారం: రేసు కారు ట్రాలీ విప్పలేం కాబట్టి ఇలా చూడండి. ఆన్‌బోర్డ్ (కారు మీది కెమెరా) వీడియోలో రెండు కార్ల వేగం అంకెలు పక్కపక్కన పెట్టుకోండి. మలుపులోంచి బయటపడి, టైర్లు పట్టు దొరకబుచ్చుకున్నాక, స్ట్రెయిట్ మొదటి భాగం గమనించండి. అక్కడ గాలి అడ్డు ఇంకా తక్కువ. అక్కడే వేగం నెమ్మదిగా పెరుగుతుంటే ఇంజన్‌ను అనుమానించండి. అక్కడ సమానంగా ఉండి, చివరి 300 మీటర్లలో వేగం పెరగడం ఆగిపోతుంటే అది రెక్కల పని. ఒక్క జాగ్రత్త: హైబ్రిడ్ కార్లలో స్ట్రెయిట్ చివర బ్యాటరీ సాయం ఆగిపోయినా అచ్చం ఇలాగే కనిపిస్తుంది, అది మళ్లీ ఇంజన్‌వైపు లెక్క. కాబట్టి అదే ఇంజన్ ఉన్న ఇంకో టీమ్ కారును కూడా పక్కన పెట్టండి. రేసులో నమోదైన టాప్ స్పీడ్‌ను మాత్రం వదిలేయండి. ముందు కారు వెనక గాలి చాటున పోయినవాడికి ఎక్కువ వేగం వస్తుంది. క్వాలిఫయింగ్ ల్యాప్ అయితే నయం.

సమస్య: ఇంజన్ తరచూ పేలిపోతోంది

ఒక్క టీమ్ కారులోనే పోతుందా, అందరిలోనూ పోతుందా? అందరిలోనూ పోతే తప్పు ఇంజన్ కంపెనీదే, వాదన అక్కర్లేదు. 2014 జనవరిలో స్పెయిన్‌లోని హెరెజ్ ట్రాక్ మీద జరిగిన టెస్టింగ్‌లో రెడ్‌బుల్, టోరో రోసో, కేటర్‌హామ్ మూడూ ఎక్కువసేపు గ్యారేజీల్లోనే కూర్చున్నాయి. మూడింటికీ రెనోనే. ఒక్క టీమ్‌లోనే పోతుంటే రేడియేటర్, గాలి వచ్చే దారి, ఆయిల్ ట్యాంక్ ఎలా అమర్చారో చూడాలి. కారు వెనక భాగం సన్నగా ఉండాలని అన్నీ ఇరికిస్తే ఇంజన్‌కు ఊపిరాడదు.

సమస్య: పోయినేడు బాగుంది, ఈ ఏడు పడిపోయింది

ఒకేసారి ఏమేం మారాయో కాగితం మీద రాయండి. 1997లో విలియమ్స్ రెనో ఇంజన్‌తో చాంపియన్. రెనో తప్పుకున్నాక అదే వంశపు ఇంజన్ 1998లో మెకాక్రోమ్ పేరుతో వచ్చింది, విలియమ్స్ ఒక్క రేసూ గెలవలేదు. ఫ్యాక్టరీ వెనక లేకపోతే ఇంజన్ పాతబడుతుంది, అది నిజమే. కానీ అదే ఏడు కార్ల వెడల్పు తగ్గించారు, టైర్లకు గాడులు పెట్టారు, డిజైనర్ ఏడ్రియన్ న్యూవీ కూడా అప్పటికే వెళ్లిపోయాడు. మూడు నట్లు ఒకేసారి తిప్పి ఏ నట్టు వల్ల చప్పుడు ఆగిందో చెప్పలేం కదా. రెండో టీమ్ దొరికితేనే తేలుతుంది: అదే ఇంజన్‌ను ఇంకో పేరుతో వాడిన బెనెటన్ కూడా ఆ ఏడు ఒక్కటీ గెలవలేదు. కాబట్టి ఇక్కడ కొంత భారం ఇంజన్ మీదే వేస్తాను.

అరుదైనవి

ఇంజన్ కొనుక్కునే టీమ్‌కు కావాలనే పాత సరుకు ఇస్తారంటారు. ఒకప్పుడు ఒక మెట్టు వెనక ఇంజన్ ఇచ్చేవారు, అది నిజమే. 1993 మొదటి సగంలో మెక్‌లారెన్‌కు బెనెటన్ కంటే వెనకటి ఫోర్డ్ ఇంజనే దొరికింది. అయినా మెక్‌లారెన్ డ్రైవర్ సెన్నా ఆ సగంలోనే 3 రేసులు గెలిచాడు, బెనెటన్ ఏడాది మొత్తంలో ఒక్కటే గెలిచింది. ఇంధనం తేడా, సాఫ్ట్‌వేర్ కుట్ర అనేవి పైవన్నీ చూశాక కూడా ఏమీ దొరకనప్పుడే ఆలోచించండి. నేను ఇన్నేళ్లలో అక్కడిదాకా వెళ్లాల్సి రాలేదు.