బిస్కెట్ అంటే బిస్కెట్ కాదు

అమెరికా వచ్చిన కొత్తలో ఆఫీసువాళ్లో పక్కింటివాళ్లో మిమ్మల్ని రెడ్ లాబ్‌స్టర్ లాంటి సీఫుడ్ రెస్టారెంటుకు తీసుకువెళితే, కంగారు పడవలసింది ఇంగ్లిషు రానివాళ్లు కాదు, వచ్చినవాళ్లే. మెనూలో సగం మాటలు మనకు తెలిసినవే. మనకు తెలిసిన అర్థంలో మాత్రం ఉండవు.

ముందు వాకిలి సంగతి. ఖాళీ బల్ల కనిపించినా వెళ్లి కూర్చోకండి. ద్వారం దగ్గర నిలబడే హోస్ట్ ఎంతమందో అడిగి, తానే తీసుకువెళ్లి కూర్చోబెడతారు. నా మొదటి అనుభవంలో, వేరే చోట, దర్జాగా కిటికీ పక్కన కూర్చుని ఇరవై నిమిషాలు ఎదురుచూశాను. ఎవరూ పట్టించుకోవడం లేదని కోపం కూడా తెచ్చుకున్నాను. ఒక్కో సర్వర్‌కు కొన్ని బల్లలు అప్పగించి ఉంటాయనీ, నేను ఎవరి లెక్కలోనూ లేననీ తరువాత తెలిసింది. బట్టల గురించి చింత వద్దు, జీన్సు చాలు.

రెడ్ లాబ్‌స్టర్‌లో భోజనానికి ముందు వేడివేడిగా బిస్కెట్లు వస్తాయి. టీలో ముంచుకునేవి కావు, వాటిని ఇక్కడ కుకీలంటారు. ఇవి చెడ్డార్ చీజు, వెల్లుల్లి, వెన్న కలిపి కాల్చిన మెత్తని రొట్టెలు. 1968లో ఫ్లోరిడాలోని లేక్‌లాండ్‌లో పుట్టిన ఈ రెస్టారెంటుకు 1992లో మొదలైన ఈ బిస్కెట్లు తెచ్చిన పేరు, రొయ్య లాంటి పెద్ద సముద్రజీవులైన లాబ్‌స్టర్లు కూడా తేలేదేమోనని నా అనుమానం. రెండో బిస్కెట్ దగ్గర ఆగండి, అసలు భోజనం ఇంకా రాలేదు.

ఇక మెనూ. ‘ఆంత్రే’ అంటే ఎంట్రీ, మొదట తినేది అనిపిస్తుంది. ఇక్కడ అదే ప్రధాన భోజనం. ‘ష్రింప్ కాక్‌టెయిల్’లో మద్యం చుక్క కూడా ఉండదు. చల్లారిన ఉడికించిన రొయ్యలు, పక్కన టమాటా కెచప్‌లో హార్స్‌రాడిష్ వేరు తురిమి కలిపిన సాస్. ఆవపిండిలాగా ముక్కుకు ఎక్కుతుంది. ‘స్కాంపీ’ వేరే జాతి రొయ్య కాదు, వెల్లుల్లి వెన్నలో వండిన మామూలు రొయ్యలే.

ఇవి తడబడినా నవ్వుకుని ఊరుకునేవి. అసలు జాగ్రత్త మరోచోట కావాలి. ‘క్లామ్ చౌడర్’ పాలమీగడతో చిక్కగా చేసే గవ్వమాంసం సూపు. అందులో బేకన్, అంటే పంది మాంసం, వేయడం ఇక్కడ పాత అలవాటు. సూపే కదా అని నేను సగం గిన్నె తాగాక ఆ ముక్క నోటికి తగిలింది. ‘సర్ఫ్ అండ్ టర్ఫ్’ అని ఉంటే సముద్రపు ఆహారం పక్కన సాధారణంగా గొడ్డుమాంసపు స్టేక్ ఉంటుంది. శాకాహారులు బంగాళదుంప వేపుళ్లు తెప్పించుకునే ముందు, చేపలు వేయించిన నూనెలోనే వేయిస్తారేమో కనుక్కోవాలి. సర్వర్‌ను అడగడానికి మొహమాటపడకండి, తెలియకపోతే వంటగదిలో కనుక్కుని చెబుతారు. రొయ్య, పీత పడనివాళ్లు ఉంటే కూర్చోగానే ఆ మాట చెప్పాలి. అమెరికా చట్టం గుర్తించిన తొమ్మిది ప్రధాన అలెర్జీ ఆహారాల్లో ఇవీ ఉన్నాయి.

కారం విషయంలో ఆశలు పెట్టుకోవద్దు. ‘బ్లాకెన్డ్’ అన్న చేప మాడిపోయినది కాదు, లూసియానా రాష్ట్రపు మసాలా పట్టించి బాగా కాలిన పెనం మీద చేసినది. మన నాలుకకు ఉన్నంతలో దగ్గరైనది అదే. ముల్లు చీల్చుకుంటూ తినే సుఖం మాత్రం దొరకదు, చేపలన్నీ దాదాపు ముల్లు తీసిన ముక్కలే.

లాబ్‌స్టర్ ధర చోట అంకె బదులు ‘మార్కెట్ ప్రైస్’ అని ఉంటే ముందే అడగండి, అడగడం చిన్నతనం కాదు. పెంకు పగలగొట్టే పట్టకారు, సన్నని ఫోర్కు, మెడకు కట్టుకునే ఏప్రాన్ ఇస్తారు. సిగ్గుపడకుండా కట్టుకోండి, వెన్న చిమ్ముతుంది. తలలోని ఆకుపచ్చ ముద్ద రుచిగానే ఉంటుంది కానీ, విషపదార్థాలు పేరుకునే అవకాశం ఉంది కాబట్టి తినవద్దని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2008లో హెచ్చరించింది. పీత కాళ్లను కీలు దగ్గర వంచి లాగితే మాంసం ఒక్క ముక్కగా వస్తుంది.

‘ఎండ్‌లెస్ ష్రింప్’ అని ఎక్కడైనా కనిపిస్తే, ఒక ధరకు ఎన్ని రొయ్యలైనా అని అర్థం. పక్కవాళ్లతో పంచుకోవడానికి, ఇంటికి కట్టించుకోవడానికి వీల్లేదు. రెడ్ లాబ్‌స్టర్ 2023లో దీన్ని 20 డాలర్లకు రోజూ పెట్టి నష్టపోయింది. 2024 మేలో దివాలా రక్షణ కోరింది, సెప్టెంబరులో బయటపడింది. పాపమంతా రొయ్యలదే అనడం అన్యాయం, అద్దెల భారమూ పెద్దదే. చాలా ఏళ్లుగా అమెరికా దిగుమతి చేసుకునే రొయ్యల్లో పెద్ద వాటా భారతదేశానిది, అందులోనూ ఆంధ్ర తీరపు చెరువులది. మీ ప్లేటులోనివి మీకంటే ముందే విదేశం వచ్చినవి కావచ్చు.

చివరగా ‘చెక్’. బ్యాంకు చెక్కు కాదు, బిల్లు. అడగకముందే బల్లమీద పెట్టినా మిమ్మల్ని లేచిపొమ్మన్నట్టు కాదు. దానికి తోడు టిప్పు పన్నుకు ముందున్న మొత్తం మీద 18 నుంచి 20 శాతం వేసుకోండి. ఇది దయతో ఇచ్చే చిల్లర అనుకుంటే పొరపాటు. టిప్పులు వచ్చే ఉద్యోగులకు యజమాని నేరుగా ఇవ్వవలసిన ఫెడరల్ కనీస వేతనం 1991 నుంచి గంటకు 2.13 డాలర్లే. కాలిఫోర్నియా లాంటి కొన్ని రాష్ట్రాల్లో పూర్తి కనీస వేతనం ఇస్తారు, అయినా టిప్పు ఆనవాయితీ అక్కడా ఉంది. పెద్ద గుంపుగా వెళితే ‘గ్రాట్యుటీ’ పేరుతో అది బిల్లులోనే కలిసి ఉండవచ్చు. చూడకుండా రెండుసార్లు ఇచ్చినవాళ్లు నాకు తెలుసు.

మిగిలినదానికి బాక్స్ అడిగి తెచ్చుకోండి, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి. బిస్కెట్లను మర్నాడు ఆఫీసులో వేడి చేసుకోవచ్చు. చేపను మాత్రం అక్కడి మైక్రోవేవ్‌లో పెట్టకండి, మిమ్మల్ని భోజనానికి పిలిచినవాళ్లే ముక్కు మూసుకుంటారు.