గ్లైడర్ పాఠాలు – 4: తాడు తెగితే ఏం చేయాలి?

పోయిన పాఠంలో పొద్దున్నే హ్యాంగర్ తలుపులు తీసి, గ్లైడర్‌ని (ఇంజన్ లేని విమానాన్ని) బయటికి తోసుకొచ్చి, రెక్కల పిన్నుల దగ్గర్నుంచి తోకదాకా తనిఖీ చేయడం చూశాం. ఇవాళ లాంచ్ లైన్ దగ్గరికి వద్దాం.

మైదానం అవతలి చివర, సుమారు కిలోమీటరు దూరంలో వించ్ ఉంటుంది: ఒక పెద్ద డ్రమ్ము, దాన్ని తిప్పే ఇంజన్, అంతే. అది గ్లైడర్‌కి తగిలించిన తాడుని చుట్టుకోవడం మొదలుపెట్టగానే ఇవతల గ్లైడర్ పరిగెత్తి, కొద్ది సెకన్లలో నేల విడుస్తుంది. తగినంత ఎత్తూ వేగమూ వచ్చాక ముక్కు పైకెత్తి, దాదాపు 45 డిగ్రీల వాలులో ఎక్కుతుంది. నిమిషం తిరక్కుండానే 300, 400 మీటర్ల ఎత్తులో ఉంటారు.

తాడుకీ గ్లైడర్‌కీ మధ్య వీక్ లింక్ అని ఓ చిన్న లోహపు ముక్క ఉంటుంది. లాగుడు మితిమీరితే గ్లైడర్ దెబ్బతినకముందే అది విరిగిపోవాలి. దాని బలం ఎంతో రంగు చెబుతుంది. మీ గ్లైడర్‌కి ఏ రంగు వాడాలో మాన్యువల్‌లో రాసి ఉంటుంది. తాడు తగిలించే మనిషి ఎంత అనుభవజ్ఞుడైనా సరే, ఒకసారి చూపించమని అడగండి. ఎవరూ ఏమీ అనుకోరు.

తాడు తెగడం, లింక్ విరగడం వించ్ లాంచ్‌లలో అప్పుడప్పుడూ జరిగేవే. తర్వాతి నాలుగైదు సెకన్లలో మీరేం చేస్తారన్న దాన్ని బట్టే మిగతా కథ. ఒక లెక్క చూడండి. 45 డిగ్రీల వాలులో, గంటకు 100 కిలోమీటర్ల వేగంతో ఎక్కుతున్నారు. లాగే తాడు పోయింది. ముక్కు అలాగే వదిలేస్తే గురుత్వాకర్షణ ఒక్కటే ప్రతి సెకనుకూ 25 కిలోమీటర్ల వేగాన్ని తినేస్తుంది. శిక్షణ గ్లైడర్లు ఇంచుమించు 65 దగ్గర స్టాల్ అవుతాయి, అంటే రెక్కలు ఇక గ్లైడర్‌ని మోయలేవు. “ఏమైంది?” అని ఆలోచించడానికి టైమ్ లేదు.

కాబట్టి ముందు స్టిక్ (ముక్కుని దించే, ఎత్తే కర్ర) ముందుకి. జంకకుండా, గట్టిగా. ముక్కు మామూలుగా దిగేటప్పుడు ఉండేంత కిందికి రావాలి, ఇంకొంచెం ఎక్కువైనా పర్లేదు. సీట్లోంచి పైకి తేలినట్టు ఉంటుంది, కడుపులో ఏదోలా అవుతుంది. పడిపోతున్నామన్న టెన్షన్‌లో కొత్తవాళ్లు స్టిక్ వెనక్కి లాగేది ఇక్కడే. నిజానికి అలా తేలుతున్నంతసేపు రెక్కల మీద భారం తక్కువగా ఉంటుంది. వేగం చూపే సూది 60 దగ్గరికి పడినా అప్పుడు స్టాల్ కాదు.

ముక్కు కిందికి రాగానే, తాడు వదిలే పసుపు నాబ్ రెండుసార్లు లాగండి. తెగిన తాడు ముక్క ఇంకా వేలాడుతుంటే పోతుంది. నీలం హ్యాండిల్ ఎయిర్‌బ్రేకులది (గ్లైడర్‌ని తొందరగా కిందికి దించే పలకలు), అదీ ఎడమచేతికే అందుతుంది. కంగారులో ఒకటి లాగబోయి ఇంకొకటి లాగకుండా నేలమీదే చేతికి అలవాటు చేసుకోవాలి.

ఇప్పుడు ఆగండి. ఈ పాఠం మొత్తంలో కష్టమైన పని ఇదే. ముక్కు సరిగ్గా కింద ఉంది, అద్దంలోంచి చూస్తే అంతా మామూలుగానే కనిపిస్తుంది. వేగం మాత్రం ఇంకా రాలేదు. సూది 60 దాటి, 70 దాటి, తీరిగ్గా పైకి వస్తుంటుంది. తేలుతున్న భావన పోయి గ్లైడర్ బరువు మళ్లీ రెక్కల మీద పడేది కూడా అప్పుడే. ఆ సమయంలో స్టిక్ వెనక్కి లాగితే స్టాల్, మలుపు కూడా తిప్పితే స్పిన్, అంటే గిరగిరా తిరుగుతూ పడిపోవడం. ఎయిర్‌బ్రేకులు తీస్తే రావాల్సిన వేగం రానే రాదు. లాంచ్‌కి ముందే అనుకున్న అప్రోచ్ వేగం (దిగడానికి వచ్చేటప్పుడు ఉండాల్సిన వేగం), ఉదాహరణకి 95, సూది మీద కంటికి కనిపించేదాకా ఈ మూడింటి జోలికీ పోవద్దు.

వేగం వచ్చాక ఒకటే ప్రశ్న: ముందున్న రన్‌వే సరిపోతుందా? సరిపోతే తిన్నగా దిగడమే, వేరే ఆలోచనలు వద్దు. సరిపోదనుకుంటేనే మలుపు. ఎంత ఎత్తుదాకా తిన్నగా దిగొచ్చు అన్నదానికి ఒకే అంకె చెప్పడం కుదరదు. ఎదురుగాలి బలంగా ఉన్నరోజు గ్లైడర్ అంత ముందుకి పోకుండానే ఎత్తుకి చేరుతుంది, దిగడానికీ తక్కువ జాగా చాలు. గాలి లేనిరోజు అదే ఎత్తులో రన్‌వే మీకు చాలకపోవచ్చు. అందుకే కానపీ (సీటు మీది అద్దపు మూత) మూశాక, తాడు తగిలించకముందు, ఆరోజు ప్లాన్ పైకే చెప్పుకోవాలి: కింద తెగితే తిన్నగా, పైన తెగితే ఫలానా వైపు తిరిగి చిన్న సర్క్యూట్ (మైదానం పక్కగా చుట్టి వచ్చి దిగడం). మనసులో అనుకుంటే సరిపోదా అంటారు. వెనక సీట్లో ఇన్‌స్ట్రక్టర్‌కి మీ మనసు వినపడదు కదా!

తాడు తెగితే ఠప్పుమని చప్పుడొస్తుంది, తెలిసిపోతుంది. నా దృష్టిలో అంతకంటే ఇబ్బందికరమైనది వించ్ ఇంజన్ నెమ్మదిగా నీరసించడం. చప్పుడుండదు, వేగం మెల్లగా జారిపోతుంది. మాన్యువల్‌లోని కనీస లాంచ్ వేగం వైపు సూది పడిపోతూ ఉంటే వించ్ మళ్లీ పుంజుకుంటుందని ఎదురుచూడకండి. ముక్కు దించి, తాడు వదిలేయండి. నేలమీద పరిగెత్తేటప్పుడు రెక్క వాలుతుంటే ఇంకా తొందరగా, అది నేలకి తగలకముందే వదిలేయాలి. అందుకే మొదట్నుంచీ ఎడమచెయ్యి పసుపు నాబ్ మీదే ఉంటుంది.

అభ్యాసం. ఇంట్లో కుర్చీలో కూర్చుని, కళ్లు మూసుకుని, ఎవరినైనా ఏదో ఒక క్షణాన చప్పట్లు కొట్టమనండి. వినగానే చేతులు కదుపుతూ పైకి చెప్పండి: ముక్కు దించు, పసుపు రెండుసార్లు, వేగం చూడు, తర్వాత నిర్ణయం. క్లబ్బులో మీ వంతు వచ్చేదాకా ఇతరుల లాంచ్‌లు ఎన్నో చూస్తారు. గ్లైడర్ ఎక్కుతున్నంతసేపూ “ఇప్పుడు తెగితే?” అని అడుగుతూ, తిన్నగానా, మలుపా చెప్పుకుంటూ పోండి. పక్కనున్న సీనియర్‌ది వేరే జవాబైతే ఎందుకో అడిగి తెలుసుకోండి.

వచ్చే పాఠం సర్క్యూట్, ల్యాండింగ్. దానికి ముందు మీ గ్లైడర్ మాన్యువల్ తెరిచి స్టాల్ వేగం, వించ్‌కి గరిష్ఠ వేగం, అప్రోచ్ వేగం, ఈ మూడు అంకెలూ ఒక కాగితం మీద రాసుకుని ఉంచండి.