కోలపొన్నను తవ్వకండి, గింజతో పెంచండి

మహారాష్ట్రలోని సిరోంచ వైపు టేకు అడవి అంచుల్లాంటి చోట్లు, ఎండా వెలుతురూ పడే గడ్డి జాగాలు కోలపొన్నకు నచ్చుతాయి. ఆయుర్వేదం మందుకు వాడే పది వేర్లలో, అంటే దశమూలాల్లో, పృశ్నిపర్ణి ఇదే. మరాఠీలో పిఠవణ్, శాస్త్రనామం యురేరియా పిక్టా, చిక్కుడు కుటుంబం. వేరు కోసం పెరికితే మొక్కే పోతుంది. చాలాచోట్ల అరుదైపోవడానికి ఇదీ ఒక కారణం.

పేరు నమ్మితే మోసపోతారు. దశమూలాల్లోనే మరో మొక్క శాలపర్ణిని కూడా కోలపొన్న అనేవాళ్లున్నారు. పెరిగిన మొక్క ఆకు చూడండి: కాడకు ఐదు నుంచి తొమ్మిది సన్నటి పత్రకాలు (చిన్నాకులు), ఒక్కోదాని నడి ఈనె వెంట తెల్లటి చార. శాలపర్ణికి కాడకు ఒకే పత్రకం, చార ఉండదు.

ఊదా పూల కంకి వానలు తగ్గాక ఎండుతుంది. కాయ కణుపులుగా మడతపడి ఉంటుంది. కణుపు నున్నగా బూడిద రంగులో మెరిస్తేనే గింజ పండినట్టు. కంకి కోయకుండా మూడో వంతు మాత్రం చేత్తో దూసుకోండి, మిగతాది అక్కడే రాలనివ్వండి. అడవిలో అయితే ముందు గ్రామసభనూ అటవీ శాఖనూ అడగాలి.

గింజ మొలవలేదని పారేసేవాళ్లే ఎక్కువ. తప్పు గింజది కాదు, నీరు దూరనివ్వని పైతోలుది. కణుపు నలిపి గింజ తీసి, గరుకు కాగితం మీద మెరుపు పోయేదాకా మెల్లగా రుద్దండి. గోరువెచ్చటి నీళ్లలో రాత్రంతా ఉంచితే తెల్లారేసరికి కొన్ని ఉబ్బుతాయి. అవే విత్తండి. ఉబ్బనివాటిని మళ్లీ రుద్దండి. మరిగే నీళ్లలో వేస్తే ఉడికిపోతాయి.

జూన్‌లో 4×6 అంగుళాల సంచుల్లో రెండు పాళ్లు మట్టి, ఒకటి ఇసుక, ఒకటి చివికిన ఎరువు నింపి, అర సెంటీమీటరు లోతున నాటండి. తల్లిమొక్క దగ్గరి మట్టి పిడికెడు కలిపితే గాలిలోని నత్రజనిని పట్టే వేరు బుడిపెలకు కావాల్సిన సూక్ష్మజీవులు వస్తాయి. యూరియా వేస్తే ఆ బుడిపెలు సరిగా కట్టవు. నీరు నిలిస్తే మొలక మొదలు దగ్గర కుళ్లి వాలిపోతుంది.

తొలి ఆకులు గుండ్రంగా, ఒకటో మూడో పత్రకాలతో వస్తాయి. కలుపనుకుని పీకేయకండి.

వేరు సంచి అడుగున చుట్టుకోకముందే, వానలుండగానే మొక్కకూ మొక్కకూ అడుగున్నర దూరంలో నాటేయండి. చుట్టూ లాంటానా కలుపు పొదలు పెరగనివ్వొద్దు, నీడకు పూత తగ్గుతుంది. ఇప్పపూలు ఏరే రోజుల్లో చెట్ల కింద ఆకులు కాలుస్తారు. అంతకుముందే మడి చుట్టూ రెండు గజాల మేర ఎండుటాకు ఊడ్చేయండి.