మాడ్రిడ్ కాలమిస్టును మన ఊరి లైబ్రరీలో పరిచయం చేయాలంటే

నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. కావలిలో మా లైబ్రరీ వాళ్లు ఆ వారంలో ఒక సాయంత్రం విదేశీ రచయిత పరిచయం పెడతారు. హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైన దాన్ని కదా, దేశాలూ సంవత్సరాలూ నాకు కొట్టిన పిండి అని వాళ్ల నమ్మకం, అందుకని ఆ పని నాకే తగులుతుంది. ఈసారి స్పెయిన్ నవలా రచయిత్రి, కాలమిస్టు రోసా మొంతేరో గురించి మాట్లాడాను. మీ ఊళ్లో ఇలాంటి పని మీద పడితే ఎలా తయారు కావాలో ఆమెనే పెట్టుకుని చెప్తాను.

ముందు వినేవాళ్లెవరో చూసుకోండి. మా దగ్గర ముందు కుర్చీల్లో రోజూ పేపర్లకు వచ్చే రిటైర్డ్ ఉద్యోగులు కూర్చుంటారు, వెనక గ్రూప్స్‌కీ డీఎస్సీకీ చదివే పిల్లలుంటారు. పెద్దవాళ్లకు కథ కావాలి, పిల్లలకు బిట్లు కావాలి. ఇరవై నిమిషాలిస్తామంటారు గానీ, అధ్యక్షులవారి తొలిపలుకులు, శాలువాలు పోను పన్నెండు మిగిలితే గొప్ప. పన్నెండుకే రాసుకోండి.

పుట్టిన తేదీతో మొదలుపెట్టకండి. "1951 జనవరి 3న మాడ్రిడ్‌లో జన్మించారు" అనగానే సగం మంది ఫోన్లు తీస్తారు. ఆ తేదీ పిల్లల కోసం బోర్డు మీద రాసి వదిలేయండి. మీరు మాత్రం ఆ జీవితంలో మిగతాదంతా దేని చుట్టూ తిరిగిందో అది పట్టుకోండి. మొంతేరో విషయంలో అది మంచం. ఐదో ఏట క్షయ, దానికి తోడు రక్తహీనత. తొమ్మిదో ఏడు వచ్చేదాకా బడి లేదు. ఇంట్లోనే ఉండి చదువుకోవడం, ఏదో ఒకటి రాసుకోవడం. ఇక్కడ తొందరపడకండి. మా ముందు కుర్చీల్లో ఇంట్లో క్షయ చూసినవాళ్లున్నారు, మంచం వేరు, గ్లాసు వేరు పెట్టిన రోజులు వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. అయితే "జబ్బే ఆమెను రచయిత్రిని చేసింది" అని తీర్పు ఇచ్చేయొద్దు. జబ్బుపడ్డ పిల్లలంతా రచయితలైపోరు. ఆ నాలుగేళ్లూ పుస్తకాలతో గడిచాయి అంటే చాలు.

తండ్రి వృత్తి తప్పకుండా చెప్పండి. ఆయన ఎద్దుల పోరాటంలో బాండెరియ్యేరో. అంటే కత్తి పట్టే ప్రధాన వీరుడు కాదు, అతని బృందంలో ఉండి రంగు కాగితాలు చుట్టిన ముళ్ల బరిసెలను ఎద్దు మూపులో గుచ్చేవాడు. ఒంగోలు గిత్తలు, బండలాగుడు పందేలు తెలిసిన జనానికి ఇది చెవిన పడిందంటే ఇక మిమ్మల్ని వదలరు. "ఏంది టీచరమ్మా, ఎద్దును నిజంగానే చంపేస్తారా?" అని అడిగారు నన్ను. చంపేస్తారు. ఆ ఇంట పుట్టిన కూతురే పెద్దయ్యాక ఆ పోరాటాలకు వ్యతిరేకంగా రాసింది. ఈ ముక్క చెప్పి ముందుకు సాగండి, లేకపోతే పన్నెండు నిమిషాలూ ఎద్దులకే పోతాయి.

తర్వాత స్పెయిన్ చరిత్ర. నాలాంటి సోషల్ టీచర్లకు ఇదే పెద్ద గండం, 1936 అంతర్యుద్ధం దగ్గర మొదలుపెడితే గంట కొట్టేదాకా ఆపం. మూడు వాక్యాలకు మించకండి. ఆ యుద్ధం గెలిచిన ఫ్రాంకో 1939 నుంచి చనిపోయేదాకా నియంతగా ఏలాడు. పోయింది 1975 నవంబరు 20న. 1975 వరకు అక్కడ పెళ్లైన స్త్రీ ఉద్యోగంలో చేరాలన్నా భర్త అనుమతి కావాలి. ఈ మూడోది వినగానే అప్పటిదాకా చివర్లో మాట్లాడుకుంటున్న ఆడవాళ్లు ఇటు తిరిగారు. మన పెద్దవాళ్లకు 1975 అంటే ఎమర్జెన్సీ. జూన్‌లో ఇక్కడ పత్రికల మీద సెన్సార్ పడింది, అదే ఏడాది చివర్లో అక్కడ నియంత పోయాడు. ఆ రెండూ పక్కపక్కన పెడితే ఆ కాలం వాళ్లకు ఇట్టే అర్థమవుతుంది.

ఇక కెరీర్ గబగబా నడిపించవచ్చు. కాలేజీలో సైకాలజీ చదువుతూ మధ్యలో మానేసింది, నాటక బృందాలతో తిరిగింది, జర్నలిజం పూర్తిచేసింది. 1976 మే 4న 'ఎల్ పాయీస్' దినపత్రిక మొదలైంది, ఆ ఏడాది చివరికల్లా ఆమె ఆ పత్రిక మనిషైపోయింది. 1980లో దాని ఆదివారం అనుబంధానికి ఎడిటర్, అదే ఏడాది జాతీయ జర్నలిజం అవార్డు. ఇంటర్వ్యూలతో పేరొచ్చింది. ఇరాన్ నేత ఖొమేనీ, పాలస్తీనా నేత అరాఫత్, మన ఇందిరా గాంధీ కూడా ఆ జాబితాలో ఉన్నారు. ఇందిర పేరును ఎమర్జెన్సీ మాట అయిన తర్వాతే తీయండి, అప్పుడు బాగా పడుతుంది. మొదటి నవల 1979లో. అందులో అనా అనే జర్నలిస్టు, ఒంటరి తల్లి. స్పెయిన్‌లో విడాకుల చట్టం వచ్చింది 1981లో, నవల దానికి ముందే వచ్చిందని గుర్తుచేయండి.

ఎక్కువ సమయం ఒక్క కాలమ్‌కు కేటాయించండి. కాలమిస్టును పరిచయం చేస్తూ ఒక్క కాలమ్ కూడా వినిపించకపోతే ఆ సభ దండగ. నేను తీసుకున్నది 2005 మే 17న వచ్చినది. జర్మనీలో ఒక యూనివర్సిటీ క్యాంటీన్. ఒకమ్మాయి భోజనం ట్రే టేబుల్ మీద పెట్టి, స్పూనూ ఫోర్కూ మరిచిపోయానని లేచి వెళ్లింది. తిరిగొచ్చేసరికి ఒక నల్లజాతి యువకుడు ఆ ట్రేలోంచి తింటున్నాడు. ముందు బెదిరింది. పాపం డబ్బుల్లేవేమో అనుకుని, నవ్వుతూ ఎదురుగా కూర్చుని తనూ అందులోంచే తినసాగింది. అతనూ నవ్వాడు. ఇద్దరూ పంచుకు తినేశాక కాఫీకి లేచి చూస్తే, అతని వెనక టేబుల్ మీద ఆమె ట్రే పెట్టింది పెట్టినట్టే ఉంది.

చెప్పేటప్పుడు ఆ చివరి వాక్యం ముందు ఒక్క క్షణం ఆగాలి. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడకపోతే మీరు సరిగ్గా చెప్పినట్టు. దీన్ని నెల్లూరు మెస్సుకు మార్చి చెప్పాలని నోరు ఊరుతుంది, మార్చకండి. వలస వచ్చినవాళ్లను అనుమానంగా చూసే స్పెయిన్ వాళ్లను ఉద్దేశించి రాసిందది, క్యాంటీన్ మార్చితే ఆ గురి పోతుంది. "ఇది బిస్కెట్ ప్యాకెట్ కథగా వాట్సాప్‌లో వచ్చిందే" అని ఎవరో ఒకరు అంటారు. నిజమే, ఈ కథకు చాలా రూపాలున్నాయి. ఒప్పుకుని, ఆమె దాన్ని ఎంత చిన్న జాగాలో బిగించిందో చూపించండి.

సమయం మిగిలితే మేరీ క్యూరీ సంగతి. 2009లో మొంతేరో సహచరుడు పాబ్లో లిస్కానో చనిపోయాడు. భర్త పియరీ పోయాక క్యూరీ రాసుకున్న డైరీకి ముందుమాట రాయమని ప్రచురణకర్తలు అడిగితే, అది పెరిగి 2013లో ఏకంగా పుస్తకమైంది. రేడియం తెలిసిన పిల్లలూ, తోడు పోయిన పెద్దలూ ఇద్దరూ వింటారు దీన్ని.

ప్రశ్నలకు సిద్ధంగా ఉండండి. "నోబెల్ వచ్చిందా మేడం?" అనేది ఖాయం. రాలేదు, 2017లో స్పెయిన్ జాతీయ సాహిత్య పురస్కారం వచ్చింది. పిల్లలు రాసుకుంటారు, నెమ్మదిగా చెప్పండి. చదవడానికి ఏముందంటే ఇంగ్లీషులో 'టియర్స్ ఇన్ రెయిన్' ఉంది, 2109 నాటి మాడ్రిడ్‌లో మరమనిషి డిటెక్టివ్ కథ.

మొంతేరో కుదరకపోతే స్పెయిన్‌లోనే మరో కాలమిస్టు, నవలా రచయిత హువాన్ హోసె మియాస్‌ను తీసుకోండి. 1946లో వలెన్సియాలో పుట్టాడు, చిన్నప్పుడే కుటుంబం సముద్రం వదిలి మాడ్రిడ్ చేరింది, ఆయన జీవితంలో పట్టుకోవాల్సింది అదే. కాలమ్‌నీ కథనీ కలిపి ఆయన రాసేవాటిని 'ఆర్తిక్వెంతో'లంటారు, అర పేజీ ఉంటాయి కాబట్టి ఒకే సభలో రెండు వినిపించవచ్చు. పేరు మాత్రం ముందు రోజే అధ్యక్షులవారికి చెప్పి రెండుసార్లు పలికించండి, లేకపోతే మైకులో మిల్లాస్ అంటారు.